నైట్ హాల్ట్ బస్సుకి ఒక గది

నవంబర్ 4, మంగళవారం

మళ్ళీ లేటు. ల్యాబ్ తలుపు తోసేసరికి షుగర్ టెస్టుకి పరగడుపున వచ్చినవాళ్ళు కుర్చీల నిండా ఉన్నారు. ఒక పెద్దాయన — "ఇంటికెళ్ళి టిఫిన్ చేసి రమ్మంటారా ఏంటమ్మా?" తల వంచుకుని సూది అందుకున్నాను. ఊళ్ళో తెల్లవారుజాము బస్సు తీసేసింది నేనా?

మధ్యాహ్నం మేడం పిలిచారు. "సునీతా, బెంజ్ సర్కిల్ దగ్గర హాస్టల్ ఏదన్నా చూసుకో. లేదంటే నెలాఖరుకి వేరే అమ్మాయిని పెట్టుకుంటాను." కోప్పడి ఉంటే బాగుండేది. మామూలుగా చెప్పారు. అదే భయం.

నవంబర్ 5

మీ ఆయనకి ఆటో ఉంది కదా, ఇంకా లేటేమిటి — అందరిదీ ఇదే ప్రశ్న. ఉంది. మా ఊరి నుంచి పామర్రు సెంటరుకి షేర్ ఆటో. బండి నిండితే గాని కదలదు. ఎక్కింది పెళ్ళామైనా సరే. "ఒక్కదానికోసం డీజిల్ తగలెయ్యమంటావా?" అంటారు ఈయన. చీకట్లో కాలవ గట్టు మీద, వెనక సీట్లో, ఇంకో నలుగురు ఎప్పుడొస్తారా అని చూస్తూ... కట్టుకున్నవాడి బండిలో నేనూ ఒక పాసింజర్నే.

నవంబర్ 6

ఆడవాళ్ళకి బస్సులో టికెట్ లేదు. మాకు బస్సే లేదు. సరిపోయింది.

నవంబర్ 7, శుక్రవారం

డ్యూటీ దిగి డిపోకి వెళ్ళాను. గంట నిలబెట్టారు. చివరికి ఒకాయన — "బస్సు ఇవ్వడానికి మాకేం ఇబ్బంది లేదమ్మా. రాత్రి మీ ఊళ్ళో ఆగితేనే గదా పొద్దున్నే అక్కణ్ణుంచి బయల్దేరేది. మావాళ్ళు పడుకునే గది మీ ఊరోళ్ళే తీసేసుకున్నారు. ఇప్పుడు ఆ రూటుకి లేడీ కండక్టరు. డ్రైవరు బస్సులో సర్దుకుంటాడు గాని, ఆవిడకి గది, బాత్రూము చూపించండి, పంపిస్తాం."

అరుద్దామని వెళ్ళాను. అరవడానికి ఏమీ మిగల్లేదు.

నవంబర్ 8

ఈ బస్సు కథేమిటని అత్తయ్యని అడిగాను. తన చిన్నప్పుడు పడవ. తర్వాత గట్టు మీద ప్రైవేటు బస్సు. ఆ తర్వాత ఈ నైట్ హాల్ట్ బస్సు. డ్రైవరూ కండక్టరూ పంచాయతీ గదిలో పడుకుంటే, ఇంటికో రాత్రి చొప్పున అన్నం పంపేవారట. "డ్రైవర్ గారికి చేపల పులుసు ఇష్టమని వంతు కాకపోయినా మీ మావయ్య పంపేవాడు. నీ సంబంధం ఎవరు తెచ్చారనుకున్నావ్? కండక్టరు గారే."

సంబంధం సంగతి నాకిప్పటిదాకా తెలీదు!

వానాకాలంలో ప్రెసిడెంటు గారు ఆ గదిలో ఎరువు కట్టలు దింపించారు. నాలుగు రోజులే అన్నారు. నేనూ చూశాను, నాలుగు రోజులే కదా అనుకున్నాను. పాపం వాళ్ళు దోమల్లో బస్సు సీట్ల మీద పడుకుని, దసరా వెళ్ళాక ఇక రావడం మానేశారు. కట్టలు ఇంకా అక్కడే ఉన్నాయి. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలూ మాయం! ఊరంతా కూర్చుని గవర్నమెంటుని తిడుతున్నాం.

నవంబర్ 9, ఆదివారం

చర్చిలో ప్రార్థన మనవుల్లో బస్సు సంగతి చెప్పాను. పాస్టరు గారు "ప్రయాణ సౌకర్యము కొరకు" అని చదివారు. అందరూ ఆమెన్ అన్నారు. బయటికి వచ్చాక అడిగితే, ఆమెన్ అన్నవాళ్ళలో ఒక్కరింట్లోనూ గది లేదు.

నవంబర్ 11

కట్టలు తీయించమంటే ప్రెసిడెంటు గారు — "పంట అయ్యాక చూద్దాంలే అమ్మాయ్."

"ఏ పంటండీ?"

"నీకు వేళాకోళంగా ఉంది."

పక్క వీధిలో రెండంతస్తుల మేడ, పైన అంతా ఖాళీ. ఆ ఇంటావిడ కాఫీ ఇచ్చి మరీ అడిగింది — "ఇంతకీ ఆ కండక్టరమ్మ ఏమిటోళ్ళు?" టికెట్లు కొట్టేవాళ్ళు, అన్నాను. గ్లాసు పెట్టేసి వచ్చేశాను. ఒళ్ళు మండిపోతోంది.

నవంబర్ 12

మా ముందు గది ఇస్తానని ఈయనతో అన్నాను. పాత టైర్లు తప్ప అందులో ఏముంది? పక్కనే బాత్రూము కూడా.

ఇంటి కప్పు ఎగిరిపోయేలా అరిచారు. "బస్సొస్తే ఆడాళ్ళంతా ఫ్రీగా దాన్నే ఎక్కుతారు. నా బండి ఎవడెక్కుతాడే? నా పొట్ట కొట్టేదానికి నా ఇంట్లోనే మంచమేస్తావా?"

ఆయన అన్నది నిజం. అందుకే ఇంకా మండింది. ఆటో కిస్తీ నా జీతంలోంచే పోతోందన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగాను. నా ఉద్యోగం పోతే ఆ బండి మాత్రం ఉంటుందా?

"ఇల్లు నాది కూడాను. గది ఇస్తున్నాను," అంది అత్తయ్య. ఈయన అన్నం తినకుండా లేచిపోయారు.

నవంబర్ 15

కండక్టరు నాగమణి గది చూడ్డానికి వచ్చింది. నాకంటే చిన్నది. ఫ్యాను చూడలేదు, మంచం చూడలేదు. "లోపల గడియ ఉందా అక్కా?" అదొక్కటే అడిగింది. ఉంది గాని వదులు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కొత్త గడియ బిగించి ఉంది. ఎవరు బిగించారని అడగలేదు. స్క్రూడ్రైవర్ ఆటోలో ఉంది.

నవంబర్ 18

వచ్చింది! వంతెన మీద హారన్ వినగానే పిల్లలు పరుగు. ప్రెసిడెంటు గారు కొబ్బరికాయ కొట్టి ఫొటో దిగారు. ఆయనే తెప్పించారట. నాగమణికి అన్నం మా ఇంట్లోనే.

నవంబర్ 19

బస్సు నిండా ఆడవాళ్ళే. పాలవాళ్ళు, కూలికి వెళ్ళేవాళ్ళు, కాలేజీ పిల్లలు. పక్కనే ఈయన ఆటో. "పామర్రు, పామర్రు" అని అలవాటుగా పిలుస్తున్నారు. ఇద్దరు మగాళ్ళు ఎక్కారు. ఈయన నా వైపు చూడలేదు. చూసినా ఎక్కేదాన్ని కాదేమో.

ల్యాబ్ తాళం నేనే తీశాను.

నవంబర్ 21

ఈయన మాట్లాడ్డం లేదు. కూర బాగోలేదని కూడా అనడం లేదు.

నవంబర్ 24, సోమవారం

మేడం పొద్దున — "ఇలాగే రా సునీతా, చాలు." సంతోషంగా ఇంటికొచ్చాను.

అన్నం దగ్గర ఈయన — "రేపట్నుంచి బండి బెజవాడలో తోలుకుంటా. గవర్నర్‌పేట వైపు కిరాయిలు బానే ఉంటాయంట. ఆదివారాలు వస్తా."

"మరి పడుకునేదెక్కడ?"

"బండ్లో."

ముందు గదిలో నాగమణి గడియ వేసుకుంటున్న చప్పుడు. ఆగండి అనాలి. ఆపితే రేపు బస్సు వదులుకుని మళ్ళీ ఆయన బండిలో, నిండేదాకా కూర్చోవాలి. ఆగండి అనబోయి — ఏ దుప్పటి పెట్టమంటారు, అన్నాను.