శుక్రవారం ఫోను ఎత్తడానికి అనుమతి

విదేశీ నిషేధాల విభాగపు అధికారి గారికి, మోటార్లకు వైండింగు చేసే మేస్త్రీ రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: నిషేధిత జాబితాలోని ముఠా నుండి వారానికొకసారి వచ్చు ఫోను ఎత్తి, వారి చెరలో ఉన్న మా తమ్ముడితో మాట్లాడుటకు అనుమతి కోరుట గురించి.

1. పరదేశంలో రోడ్డు రోలరు నడపడానికి వెళ్ళిన మా తమ్ముడిని ఎనిమిది నెలల క్రితం అక్కడి ముఠా ఎత్తుకుపోయినది. ప్రతి శుక్రవారం ఉదయం వారే ఫోను చేసి, అతనిచేత నాలుగు నిమిషాలు మాట్లాడించేవారు. బతికున్నాడనుటకు మాకున్న ఆధారం అదొక్కటే.

2. సదరు ముఠాను నిషేధించవలెనని ఊళ్ళో సంతకాలు సేకరించినది నేనే. మొదటి సంతకం నాది. బడిపంతులైన మా బావమరిది ఒప్పుకోలేదు. "అక్కడి సర్కారే వాళ్ళకి తుపాకులిస్తుంటే ముఠాని ఒక్కదాన్నే వెలేస్తే ఏమొస్తుంది బావా? ఆ సర్కారునీ కలిపి వెలెయ్యాలి" అనేవాడు. సర్కారును వెలేస్తే మందులందక పోయేది అక్కడి కూలి జనమని నేను. అన్నాల దగ్గర రోజూ ఇదే రగడ. తమ్ముడి భార్య కంచాలు తీస్తూ, "మీ ఇద్దర్లో ఎవరు నెగ్గినా, కోపమొచ్చేది మా ఆయన పక్కన తుపాకీతో కూర్చున్నోడికి కదా బావగారూ" అనేది.

3. గత నెల తమరు ముఠాను జాబితాలో చేర్చితిరి. సంతోషించాను. తరువాత తమ కార్యాలయ గుమాస్తా చెప్పినది: "లిస్టులో ఉన్నోళ్ళ ఫోనెత్తి హలో అన్నా కేసేనండీ. ఎవరితో మాట్లాడారని చూడరు, ఎవరి ఫోనని చూస్తారు."

4. అందుచేత మూడు శుక్రవారాలుగా ఫోను మోగి మోగి ఆగిపోవుచున్నది. చుట్టూ కూర్చుని చూస్తున్నాము. పనిలో నాకు తీగ చుట్ల లెక్క తప్పుతోంది. నిన్న ఒకే మోటారును మూడుసార్లు విప్పి చుట్టాను.

5. మేము మాట్లాడబోవు మాటలు ముందే రాసి జతపరచడమైనది. తిన్నావా. కాలి పుండు మానిందా. నిద్ర పడుతోందా. ఇక్కడ అందరం బాగున్నాం. వీటిలో ముఠాకు ఉపయోగపడునవి ఉన్నచో తమరు కొట్టివేయవచ్చును. పక్కన పోలీసును కూర్చోబెట్టినా అభ్యంతరం లేదు.

నిషేధం ఎత్తివేయమని కోరుట లేదు. అది సరైనదేనని ఈనాటికీ నా అభిప్రాయం. ఆ నాలుగు నిమిషాలు విడిచిపెట్టి, మిగిలిన వారమంతా వెలేయండి. వచ్చే శుక్రవారంలోగా చిత్తగించవలెనని వేడుకొనుచు,

తమ విధేయుడు,
వైండింగు మేస్త్రీ

తా.క.: అర్జీ మడుస్తుండగా ఫోను మోగింది. ఇవాళ మంగళవారం. మరదలు నా వైపు చూసింది. ఎత్తాను. తమ్ముడే. "ఎక్కడికి పోయారన్నా మీరంతా?" అన్నాడు. టవరు పాడైందని అబద్ధం చెప్పి ఫోను ఆమెకిచ్చాను. కేసు నా ఒక్కడి మీదే రాసుకోండి. పెట్టేసే ముందు, వచ్చే వారం ఎత్తుతారుగా అని అడుగుతున్నాడంది. ఎత్తుతామని చెప్పమన్నాను.