ఐదో అడుగు

నవంబర్ 3, ఆదివారం

ఏరా పాస్టరూ, నీ భార్య నిన్ను వదిలి వెళ్ళిపోయిందని సంఘానికి చెప్పావా?

చెప్పలేదు. వాళ్ళ అక్కకి ఒంట్లో బాగాలేక వెళ్ళిందన్నాను. ఏడు నెలలైంది. ఈ ఏడు నెలల్లో అబద్ధం మీద రెండు ప్రసంగాలు చేశాను. రెండింటికీ ఆమెన్‌లు బాగానే పడ్డాయి.

నవంబర్ 6, బుధవారం

లాండ్రీ పైన హాల్లో ఒక రిటైరైన బస్సు డ్రైవరు టాంగో డాన్సు నేర్పుతాడు. పది జతల బూట్లకి అడుగున మెత్తతోలు వేయమని చెప్పులు కుట్టే నా షాపులో ఇచ్చాడు. నేల మీద జారాలట. మధ్యాహ్నం పట్టుకెళ్ళాను. పాపపు మెట్లు. బైబిలు చంకలోనే ఉంది.

లోపల బాండోనియన్ అనే తిత్తి వాయిద్యం రికార్డు మోగుతోంది. హార్మోనియానికి దుఃఖమొస్తే అలా ఉంటుందేమో. ముందు ఊపిరి పీలుస్తుంది, తర్వాత ఏడుస్తుంది. కదల్లేకపోయాను.

కుట్టినవాడే తొడిగి చూపించాలన్నాడు డ్రైవరు. ఖాళీగా ఉన్నావిడకి నన్ను అప్పగించాడు. చూస్తే మా సంఘంలో హార్మోనియం వాయించే అక్క! ముందు ఆవిడే తేరుకుంది. వేదిక మీద అటూ ఇటూ పచార్లు చేస్తావు కదా తమ్ముడూ, అదే నడక, కాకపోతే నోరు మూసుకుని నడవాలి అంది.

నడిచాను. గుండె మీది బండ మూడు నిమిషాలు దిగింది. ఆ తర్వాత సిగ్గేసింది.

నవంబర్ 13, బుధవారం

మళ్ళీ వెళ్ళాను. ఐదో అడుగులో ఆడమనిషి కాలికి కాలు అడ్డం పెట్టి ఆగుతుంది. మగవాడూ ఆగాలి. తొందరపెట్టకూడదు. నా భార్య కోసం నేనెప్పుడైనా అలా ఆగానా?

అక్కకి నిజం చెప్పేశాను. భర్తను పోగొట్టుకున్న మనిషి. అడుగు తప్పలేదు. అది నువ్వు చెప్పాల్సిన మాట తమ్ముడూ, నా నోట రాదు అంది.

నవంబర్ 17, ఆదివారం

అక్క ఆ మెట్లెక్కడం సంఘపెద్ద కంట పడిందట. వచ్చే వారం అందరి ముందూ ఆవిడకి గడ్డి పెట్టమన్నాడు. ఒక్కతేనా అని అడిగాను. ఒక్కతే అన్నాడు.

హమ్మయ్య అనుకున్నాను. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు.

నవంబర్ 24, ఆదివారం

గడ్డి పెట్టాను. నిప్పులు కక్కాను. ఊపులో పడి, ఐదో అడుగులో ఆడది కాలు మీద కాలు వేసి ఎలా ఆగుతుందో వేదిక మీద చేసి మరీ చూపించాను. అక్క తలెత్తి చూసింది. ఆవిడ ఒక్క మాటంటే నా పని అయిపోయేది. హార్మోనియం మూత వేసి, తాళంచెవి పెద్దాయన చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

స్వయంగా చూసొచ్చినట్టు చెప్పావయ్యా అని పెద్దాయన నా వీపు తట్టాడు.

నవంబర్ 27, బుధవారం

అక్క బూట్లు పంపింది. మెత్తతోలు పీకేసి రబ్బరు వేయమంది. ఇక జారే పని లేదట.

డిసెంబర్ 1, ఆదివారం, ఉదయం 7

రబ్బరు వేయలేదు.

బైబిల్లో దేవుని మందసం పెట్టె ముందు రాజు నాట్యమాడిన అధ్యాయం తెరిచి ఉంది. ఆ నాట్యాన్ని కిటికీలోంచి చూసి ఈసడించిన రాణిని ఎన్ని ప్రసంగాల్లో తిట్టానో! ఆవిడే నయం. నేను రాజుతో పాటు ఆడి, ఆ తర్వాత కిటికీ దగ్గరికి పరుగెత్తాను.

ప్రార్థన తొమ్మిదింటికి. ముందు అక్క గడప, తర్వాత వేదిక. భార్య సంగతీ, మెట్ల సంగతీ, రెండూ. వచ్చే ఆదివారం కాదు, ఈ రోజే. లేవరా. బూట్లు తీసుకో.