గ్యాసు పైపు తాడు కాదు

జనగామ
28-9-2011

పోశాలు బావకు,

ఫోన్ చేస్తే మైకు మోతల ఏమీ ఇనబడ్తలేదంటివి. అందుకే రాయిస్తున్న. అక్షరాలు నీ చెల్లె సత్తమ్మవి, మాటలు నావి.

రాస్తారోకో కాడ వేదిక కట్టనీకి నా గ్యాసు వెల్డింగు సెట్టు అడిగితే కాదనలే. తెలంగాణ నాకు కూడ కావాలె. కానీ వాపసు తెచ్చేటప్పుడు నీ మనుషులు ట్రాలీల ఇనుప గొట్టాలను దేనితోటి కట్టిండ్రు? నా గ్యాసు పైపుతోటి. బచ్చన్నపేట నుంచి జనగామ దాక మంటొచ్చే టార్చి దానికే ఏలాడుకుంట వచ్చింది.

టార్చి మెడ కాడ పైపు రబ్బరు లోపల పగిలింది. పైకి కనబడలే. మొన్న వెలిగించంగనే అక్కడ మంట లేచి కుడిచెయ్యి కాలింది. నెల రోజులు పని ముట్టొద్దని దవాఖానల చెప్పిండ్రు.

"గది రాయను, మా అన్న పరేషాన్ అయితడు" అన్నది సత్తమ్మ. కానియ్యి, రాయుమన్న.

"టార్చి పట్టెటోడు జర చూసుకోవాలె గదా" అని మీ రాస్తారోకో కమిటీల ఎవరో అన్నరట. ఇరవై ఏండ్ల సంది పడ్తున్న బావా. పైపు బరువు టార్చి మీద పడొద్దని మూరెడు దూరంల పైపును బల్లకు గుడ్డతోటి కట్టుకుంట. మలుపు కాడ వదులు ఇడుస్త. పైపు పట్టి ఎన్నడూ గుంజలే.

సోమవారం మళ్ల సెట్టు పంపుమన్నవు. ఇయ్యనంటే ద్రోహి అంటరని నీ చెల్లె భయం. కొత్త పైపు ఏయించిన. సెట్టు వస్తది, కానీ ఒక్కటే రాదు, నేను ఎంబడి వస్త. వెల్డింగు అతుకులు మీ ఊరి వెల్డరు రాజును పెట్టనియ్యి. పైపు మాత్రం నేనే పరుస్త. దానికి ఎడమచెయ్యి చాలు.

నీ చెల్లె పెనిమిటి