తలుపు దగ్గర చెప్పిన అబద్ధం

చింతపల్లి,
16-2-2003

చిరంజీవి రత్నను నాన్న మంగ్లు దీవించి రాస్తున్నది. ఇక్కడ మీ అమ్మా, నేనూ, మిరియాల పాదులూ బాగున్నాం. నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను.

ఎప్పుడూ మాస్టారి చేత రాయించే ఉత్తరం ఈసారి నేనే రాస్తున్నాను. కోడి గీకినట్టుందని నవ్వకు. ఇది ఇంకొకరి చేత రాయించేది కాదు.

చలి తగ్గిందా అని అడిగావు. తగ్గలేదు. మీ అమ్మ పొయ్యి వదలదు, నన్ను మాత్రం తోటకు తరుముతుంది. కొత్త బూటు పట్టీలు ఒరుసుకోవడం లేదన్నావు, సంతోషం. "ఆ బూటు కుట్టించింది నర్సు కనకమ్మే కదా, ఆమె మీదే కేసు నడుపుతూ ఆమె తెచ్చిన పళ్లు ఎలా తినను నాన్నా?" అని కూడా అడిగావు. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

నీకు రెండేళ్లప్పుడు సంతలో కనకమ్మ నీకు టీకా వేసింది. మర్నాడు జ్వరం వచ్చి కాలు వాచింది. టీకా వల్లే కాలు చచ్చుబడిందని, నష్టపరిహారం ఇప్పించమని ఎనిమిదేళ్ల క్రితం నీ పేరున కోర్టుకెక్కాను. ఇంతవరకు నీకు తెలుసు.

తెలియనిది విను. వాచిన కాలికి మన ఊళ్లో నాటు వైద్యం చేసే దిసారి ఆకు కట్టు బిగించి, తొమ్మిది రోజులు బయటివాళ్లెవరూ గడప దాటకూడదన్నాడు. మూడో రోజు కనకమ్మ కొండెక్కి నిన్ను చూడటానికి వచ్చింది. నేను తలుపుకు అడ్డంగా నిలబడి, "గుంట మేనమామ ఊరెల్లిపోనాది" అన్నాను. నువ్వు లోపలే ఉన్నావమ్మా. తొమ్మిదో రోజు కట్టు విప్పితే కాలు వేలాడింది. ఈ సంగతి కోర్టులో ఎత్తవద్దని వకీలు అన్నాడు. ఎత్తలేదు. ఇన్నేళ్లూ ఆమెకు రావలసిన ప్రమోషన్ ఆగిపోయింది.

నీ ఉత్తరం విని మీ అమ్మ, "ఇంకేటి సూత్తన్నావు? బేగి ఎల్లి నిజం సెప్పీ" అంది. వెళ్లి జడ్జిగారి ముందు అంతా చెప్పాను. తప్పు టీకాదో, నిన్ను ఆసుపత్రికి ఆలస్యంగా తీసుకెళ్లడానిదో తేల్చలేమని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. మొన్న కేసు కొట్టేశారు.

కనకమ్మ తిడుతుందనుకున్నాను. బయట నా చేతులు పట్టుకుని, "ఆ దినం లోపల గుంట ఏడుపు నాకూ ఇనిపించింది అన్నయ్యా. తలుపు తోసుకుని రావలసింది. బయపడి ఎల్లిపోనాను" అని ఏడ్చింది. తన మీద కేసు వేసినవాడి కూతురికి హాస్టల్ సీటు కోసం కాళ్లరిగేలా తిరిగింది రత్నా ఆ మనిషి. బతికున్నన్నాళ్లు ఆమెకు రుణపడి ఉంటాను. ఆమె తెచ్చిన పళ్లు హాయిగా తిను.

నీకు వస్తుందనుకున్న డబ్బు ఇక రాదు. నీ కాలు పోవడంలో నా వంతు ఎంతో ఏ కోర్టూ చెప్పలేదు, నాకూ తెలియదు. కాగితం మీద చెప్పడం సులువు. సెలవులకు రా, నీ ముఖం చూసి చెప్పాలి. రావాలనిపించకపోతే రాయి, నేనే బస్సెక్కి వస్తాను. నువ్వు ఎంత తిట్టినా కూర్చుని వింటాను.

ఇట్లు,
నీ నాన్న
మంగ్లు