గోడ మీది వైరు

ఐన్ జుబైబ్ విద్యుత్ పంపిణీ అధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: మా ఇంటి సోలారు కరెంటును పక్కింటికి ఇచ్చుకొనుటకు అనుమతి కోరుట గురించి.

తమ లైనులో ఆఖరి ఇంటి కాపురస్తుడను, వృద్ధుడను అయిన నేను విన్నవించునది ఏమనగా:

1. మా మేడ మీది సోలారు పలకలు నా భార్య నవాల్ బతికుండగా పెట్టించినవి. ఆమె మధ్యాహ్నం పూట కరెంటు పొయ్యి మీద వీధి మొత్తానికి రొట్టెలు కాల్చేది. అప్పుడు ఏ ఇబ్బందీ లేదు. ఆమె పోయిన పిమ్మట, వాడేవాళ్లు లేక కరెంటంతా లైనులోకే పోవుచున్నది. ఎండ ముదిరేసరికి ఓల్టేజి పెరిగి ఇన్వర్టరు దానంతటదే ఆగిపోవుచున్నది.

2. తమ టెక్నీషియను కుసయ్ వచ్చి చూసి, "బాబాయ్, మిషన్‌లో తప్పేం లేదు. నీ ఇంట్లో లోడ్ లేదు, కరెంటు వాడకమే లేదు. పెళ్లి చేసుకో, లోడ్ అదే వస్తుంది" అని నవ్వినాడు. నేనూ నవ్వినాను. అతను వెళ్లాక చాలాసేపు ఆ పొయ్యి ముందే కూర్చున్నాను.

3. అంతట గోడ మీదుగా పక్కింటి ఉమ్ హుదైబ్‌కు ఒక వైరు వేసితిని. ముగ్గురు ఆడపిల్లల తల్లి, నోరు కాస్త పెద్దది. ఎండెక్కగానే "అబూ గానిమ్, ఉన్నావా పోయావా? బట్టలు వేయమంటావా?" అని అరిచేది. "ఇంకా పోలేదమ్మా, వెయ్" అనేవాణ్ణి. ఆమె వాషింగ్ మిషన్ తిరిగినంతసేపూ నా ఇన్వర్టరు ఆగేది కాదు. రోజు మొత్తానికి నేను మాట్లాడే మాటలు అవే. ఆమె పళ్లెంలో అన్నం, మాంసం పంపేది. మా ప్రాంతంలో ఇంటికొచ్చిన పళ్లేన్ని ఖాళీగా తిప్పి పంపరు. వంట రానివాణ్ణి గనుక నేను కరెంటు పంపేవాణ్ణి.

4. ఒక మీటరు కరెంటు రెండిళ్లకు చెల్లదనియు, లైను మీద పనిచేసేవారి ప్రాణానికి ముప్పు అనియు తమ ఇన్‌స్పెక్టరు సదరు వైరును కోసివేసినారు. ముప్పు నిజమే, కాదనను. కానీ ఆనాటి నుంచి గోడ అవతల నుంచి కేక లేదు.

కావున తమ మనుషులే వచ్చి, తమకు తోచిన మీటరూ తాళమూ బిగించి, ఆ వైరును చట్టప్రకారం వేయించ ప్రార్థన. నేను లైనులోకి పంపిన యూనిట్లన్నీ తమరే ఉంచుకోండి. ఇన్వర్టరు ఆగుట గురించి పంపిన తమ నోటీసులో "లోడ్ చాలదు" అని రాశారు. నాకున్న జబ్బూ అదేనయ్యా.

తప్పులుంటే ముసలివాడి చాదస్తముగా ఎంచి చిత్తగించవలెను.

తమ లైను చివరి విధేయుడు,
అబూ గానిమ్

తా.క. నిన్న ఉమ్ హుదైబ్ చిన్న కూతురు, ఆఖరుసారి అన్నం పంపిన పళ్లెం కోసం వచ్చింది. కనపడటం లేదమ్మా, వెతికి పెడతాను, రేపు రా అన్నాను. పళ్లెం నా ఎదురుగానే ఉంది, కడిగి బోర్లించి ఉంది. అది ఇచ్చేస్తే ఇక ఈ తలుపు తట్టే పని ఎవరికీ ఉండదు. తమరు కాస్త తొందరగా చూడండి. ఎన్నాళ్లని వెతుకుతున్నట్టు చెప్పను?