మంచు కప్పు కింది కింగుక్‌లు

బంగారం లాంటి మా సియాసక్కకి,

మాంట్రియల్ ఆస్పత్రిలో మెత్తటి మంచమెక్కి మహారాణిలా కూర్చున్నావట. ఇక్కడ మీ ఆయన రోజూ రొట్టె మాడ్చుకుని, రోజూ పొయ్యిని తిట్టుకుని తింటున్నాడు. ఇవన్నీ పైపై కబుర్లక్కా. అసలు మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

"కడుపులో గడ్డ తీయించుకోవే, డాక్టర్లు అంతగా చెబుతున్నారు కదా" అని ఫోన్లో నేనంటే నువ్వేమన్నావు? "నువ్వొక్కసారి మంచు కిందికి దిగి నీ చేత్తో ఆలిచిప్పలు ఏరి పంపు. అప్పుడు నేను కోతబల్ల ఎక్కుతా." నవ్వుతూనే అన్నావు. కానీ ఆ తర్వాత డాక్టరు వస్తే గోడవైపు తిరిగి పడుకున్నావట. ఆలస్యమైతే గడ్డ ముదిరిపోతుందట. నీ మొండితనం నాకు తెలుసు. అన్న మాట మీదే ఉంటావు.

ఊరు నా గురించి ఏమనుకుంటుందో నీకూ తెలుసు. ఆకినిసికి ఒళ్లు బద్ధకం. ఆటు సమయంలో గడ్డకట్టిన సముద్రం అడుగున నీళ్లు వెనక్కి తగ్గి, మంచు పలక కింద గుహలా ఖాళీ అయితే, అందరూ కన్నం తవ్వి దిగి చిప్పలేరతారు. ఇది మాత్రం పైన కాపలా అంటూ టీ తాగుతుంది. పైగా "నీళ్లొచ్చేశాయ్!" అని ఉత్తుత్తికే అరిచి అందర్నీ పరిగెత్తిస్తుంది. నిరుడు అన్నయ్య భార్య మిన్నీ వదిన ఆ కేకకి బకెట్టూ, ఒక బూటూ లోపలే వదిలేసి పైకొచ్చింది. ఆవిడ తిట్టిన తిట్లు పాస్టరుగారు కూడా ఎప్పుడూ విని ఉండరు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అది బద్ధకం కాదక్కా. భయం.

నాన్న మంచు కింద సీల్ జంతువుల కోసం వల వేసిన ఏడు గుర్తుందా? నువ్వప్పుడు బడికని వేరే ఊళ్లో ఉన్నావు. మంచు తుఫాను పట్టి వల తీయడం ఆలస్యమైంది. నాన్నతో నేను వెళ్లాను. లాగితే సీల్ వచ్చింది, బలంగా, నిండుగా. మంచు మీద పడెయ్యగానే ఆ నిండుతనమంతా కూలిపోయింది. కళ్ల గుంటల్లోంచి, నోట్లోంచి కింగుక్‌లు, ఆ రొయ్యపిల్లల్లాంటి సముద్రపు పురుగులు, బిలబిలా బయటికొచ్చాయి. గోరంతేసి ఉన్నాయి. గాజులా పారదర్శకంగా, వంగిన నడుములతో, గుత్తులు గుత్తులు కాళ్లతో. తోలు సంచీలో కడిగి పెట్టినట్టు ఎముకలు మాత్రం మిగిలాయి. "మనకంటే ముందే విందుకి కూర్చున్నారే!" అని నాన్న నవ్వి, ఒక గుప్పెడు తీసి నా అరచేతిలో పోశాడు. వేళ్ల సందుల్లో అవి గింజుకోవడం ఇప్పటికీ నాకు తెలుస్తూనే ఉంటుంది.

ఆ రోజు నుంచీ సముద్రపు మంచు కన్నంలో నేను వేలు కూడా పెట్టలేదు. అవి మంచు అడుగున తలకిందులుగా పట్టుకుని, అక్కడి గోధుమరంగు పాచి తింటూ, పైన మన అడుగుల చప్పుడు వింటూ ఉంటాయని అనిపిస్తుంది. ఎవరు పడతారా అని కాచుకుని ఉంటాయని. ఇద్దరు మొగుళ్లని తరిమేశాను, ఎలుగుబంటిని పార పట్టుకుని బెదరగొట్టాను. ఈ గోరంత పురుగు గుర్తొచ్చిన రాత్రి మాత్రం దీపం ఆర్పకుండా పడుకుంటాను.

రేపు అమావాస్య, పెద్ద ఆటు. దిగుతున్నాను. పైన కాపలా మిన్నీ వదిన. ఆవిడ మొహంలో ఆనందం నువ్వు చూడాలి!

వణుకుతున్న నీ చెల్లెలు,
ఆకినిసి


నా ప్రాణమైన సియాసక్కకి,

బతికే ఉన్నాను. ఇది ముందే చెప్పకపోతే నువ్వు చదవకుండా చివరికి తిప్పుతావు.

కన్నం దగ్గర వదిన అంది, "ఏమే, మోకాళ్లు అలా కొట్టుకుంటున్నాయేం?"

"చలి."

"నిరుడు ఒంటి బూటుతో ఇంటికెళ్లినప్పుడు నాకూ ఇలాగే చలేసింది. దిగు మహాతల్లీ!"

దిగాను. అడుగున సముద్రపు నాచు వాసన. నెత్తి మీద మంచు కప్పు రాళ్ల మీద ఆని మూలుగుతోంది. టార్చి పైకి వేస్తే గోధుమరంగు, అందులో ఏవో మెరుపులు కదిలాయి. మళ్లీ పైకి వెయ్యలేదు. మెడ మీద ఒక చుక్క పడింది. ఆ చుక్క కాలర్లోకి నడుచుకుంటూ పోయింది. నేను పెట్టిన కేకకి వదిన పైనుంచి, "అప్పుడే పాట మొదలెట్టావా?" అంది. ఏడుస్తూ ఏరాను. బకెట్ సగమైంది, జేబుల్లో కూడా కుక్కుకున్నాను.

అప్పుడే, "ఆకినిసీ! నీళ్లొచ్చేశాయ్! పైకి రా!"

నాకు ఎక్కడలేని నవ్వొచ్చింది. "ఎదురు చూస్తూనే ఉన్నా వదినా! నీ బూటు కనబడితే తెచ్చిస్తాలే!"

"ఒట్టే! నీ మీదొట్టు, నా పిల్లల మీదొట్టు! రావే!"

"గొంతు బాగుంది, ఇంకాస్త గట్టిగా!"

చిప్ప కోసం ఒక మడుగులో చెయ్యి పెట్టాను. ఇందాక అందులో కింగుక్‌లు ఒకటీ అరా ఉన్నాయి. ఇప్పుడు మడుగు ఉడుకుతున్నట్టుంది. రాళ్ల సందుల్లోంచి, సముద్రం వైపు నుంచి, బియ్యం ఒలకబోసినట్టు వస్తున్నాయి. అన్నీ ఒకే దిక్కుకి, ఒడ్డు వైపుకి, నా చేతిని ఒరుసుకుంటూ. వదిన అబద్ధమాడొచ్చు. కింగుక్‌లకి నాతో వేళాకోళం ఆడాల్సిన పనేముంది? బకెట్ పెట్టిన పొడి రాయి వైపు చూశాను. రాయి లేదు, నీళ్లున్నాయి.

బకెట్ వదిలేశాను. టార్చి జారిపోయింది. దూరంగా కన్నం వెలుగు, మోకాళ్ల దాకా నీళ్లు. నడవడానికి లేదు, రాళ్లు తడుముకుంటూ పాకాలి. రెండు చేతులూ ఆ నీళ్లలోనే, ఆ పురుగుల్లోనే. వేళ్ల నిండా అవే. నాన్నా, నాన్నా అనుకుంటూ పాకాను. వదిన నా కోటు టోపీ పట్టుకుని పైకి లాగింది. లాగి ఒక్కటిచ్చింది చెంప మీద. ఆ తర్వాత వాటేసుకుని ఏడ్చింది. "నమ్మవేం? నేనంటే నమ్మవేం?" కన్నంలోంచి నీళ్లు అప్పటికే పైకి పొంగుతున్నాయి.

ఇంటికొచ్చి చేతులు దీపం దగ్గర పెట్టి చూసుకున్నాను. ఒక్క గాటు లేదక్కా. ముట్టుకుని చూశాయి, బతికుందని వదిలేసి పోయాయి. వేటాడిన వాల్రస్ జంతువు పుర్రెకి తాడు కట్టి సముద్రంలో నాన్న ఎందుకు వేలాడదీసేవాడో గుర్తొచ్చింది. చచ్చిన మాంసమంతా కింగుక్‌లు ఊడ్చేసి ఎముకని అలాగే ఉంచేవి. మీ డాక్టరు కూడా అంతేనేమో, గడ్డ ఒక్కటి తీసి నిన్ను నాకొదిలేస్తాడేమో. ఖాయంగా చెప్పడానికి నాదెంత చదువని? భయం పోయిందని మాత్రం అనుకోకు. నిన్న కూడా టీ కప్పులో ఆకు కదిలితే కప్పు విసిరేశాను.

జేబుల్లో మిగిలిన చిప్పలు చలిపెట్టెలో పెట్టి పంపుతున్నాను. అడుగున ఒక సీసా ఉంది. దాని మూత నర్సు చేత తీయించు.

నా వంతు అయింది. ఇక నీ వంతు.

నీ చెల్లెలు,
ఆకినిసి


చెల్లీ, నా దొంగముఖమా,

చిప్పలు నర్సు చూడకుండా తినేశాను. సీసా మూత ఆవిడే తీసింది. ఆ అరుపుకి పక్క గదుల వాళ్లు సీసా చూడ్డానికొచ్చారు.

అందులోని కింగుక్‌లలో ఒకటి బతికే ఉంది. సీసాని కిటికీ దగ్గర చల్లగా పెట్టాను. గుండ్రంగా తిరుగుతోంది. రాత్రంతా దాన్నే చూశాను.

డాక్టరుకి సరేనన్నాను. సోమవారం పొద్దున. రేపు విమానంలో మన ఊరికి తిరిగొచ్చే వాళ్ల చేత ఈ ఉత్తరం పంపుతున్నా, ముందే చేరాలని. నాకు చాలా భయంగా ఉందే. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ముక్కుకి ఏదో పెడతారట, చీకటైపోతుందట, ఏమీ తెలియదట. ఎంతసేపో కూడా తెలియదట.

సోమవారం నువ్వు కన్నం దగ్గర నిలబడు. ఈసారి ఉత్తుత్తి కేకలు వెయ్యకు. వేళైనప్పుడు నిజంగా పిలువు. నేను నమ్మి పైకొస్తాను.

మీ అక్క,
సియాసి