అమ్మ సంతకం పెట్టని కాగితం

డువార్టె,

పది గంటలకి కోర్టు పంపిన మనిషి ఇంటికి వెల కట్టడానికి వస్తాడు. కుక్కని కట్టెయ్. పాలకొట్టం తాళంచెవి గుమ్మం పక్క మేకుకి ఉంది. సాసేజీ, రొట్టె పొయ్యి మీద మూత పెట్టి ఉంచాను, తిను.

గొడవ కోర్టుదాకా ఎందుకొచ్చిందని ఆయన అడిగితే నువ్వే చెప్పు. విల్లు ఒక్కటే ఉంటే తను పోయాక మనం కోర్టు చుట్టూ తిరగాల్సొస్తుందని, కోర్టుతో పని లేకుండా ఇల్లు చేతికొచ్చేలా అమ్మ బతికుండగానే ట్రస్టు రాయించింది. ఇంటిని ఆ ట్రస్టు పేరుకి మారుస్తూ టర్లాక్‌లో నోటరీ ముందు ఒక్క సంతకం పెడితే పనైపోయేది. నాకు పగటి డ్యూటీ కాబట్టి తీసుకెళ్లే పని నీకు చెప్పింది. మూడు శుక్రవారాలు చర్చికి వేసుకునే బూట్లు తొడుక్కుని, హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని వరండాలో కూర్చుంది. ఒకసారి టైరు పోయిందన్నావు. ఒకసారి ఆవు ఈనిందన్నావు. మూడోసారి ఫోనే ఎత్తలేదు. నాలుగో శుక్రవారం అమ్మని పూడ్చిపెట్టాం.

ఆ సాయంత్రం తాగి నువ్వే కక్కావు: "ఇల్లంతా అక్కకే రాసేస్తుంటే నేనెందుకు బండి తోలాలి?" అని.

ట్రస్టు కాగితాలు ఒక్కసారైనా తెరిచి చూశావట్రా? ఆ సంతకం పడలేదు కాబట్టి ఇప్పుడు ఇంటికి చెల్లేది పాత విల్లేనట, లాయరు చెప్పాడు. నీమీద కోపంలో అమ్మ ఎప్పుడో రాసింది. అందులో అంతా నాకే. నేను వదులుకోను.

లుర్దెస్

ట్రస్టు నాలుగో పేజీ తెరిచి బల్ల మీద పెట్టాను. ఇల్లు మొత్తం నీకే రాసింది.